మూడో పీరియడ్ ఖాళీ

మదనపల్లెలో ఆ డిగ్రీ కాలేజీ లైబ్రరీకి మునీశ్వరి లైబ్రేరియన్‌గా వచ్చి చాలా ఏళ్లయింది. లెక్చరర్లకు సంబంధించిన నియమాలన్నీ ఆమె కూర్చుని రాసినవే. ఎవరు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లొచ్చు, సెమిస్టర్ అయ్యేలోగా ఎట్లా తిరిగివ్వాలి, రిఫరెన్సు పుస్తకాలు గడప ఎందుకు దాటకూడదు, అన్నీ గోడ మీద అచ్చువేసి ఉంటాయి. ఎంత సీనియర్ లెక్చరరైనా ఆ విషయంలో ఆమెతో బేరానికి దిగడు. రిటైరైనవాళ్ల గురించి మాత్రం చివర్లో చిన్న మాట ఉంది. రిటైరైన రోజుతో కార్డు చెల్లదు, ప్రిన్సిపాల్ అనుమతిస్తే కూర్చుని చదువుకోవచ్చు. అది రాసేటప్పుడు మునీశ్వరికి ఏ మనిషి ముఖమూ కళ్ల ముందు మెదల్లేదు.

సరోజమ్మ మేడం ఆ కాలేజీలో బాటనీ చెప్పేది. మునీశ్వరి ఆమె దగ్గరే చదివింది. తంబళ్లపల్లె పక్కన ఒక పల్లె మునీశ్వరిది. నాయన గొర్రెలు కాసేవాడు, అమ్మ శెనక్కాయల కాలంలో కూలికి పోయేది. హాస్టల్లో గలాటా భరించలేక, క్లాసులయ్యాక లైబ్రరీ మూసేదాకా ఓ మూల కూర్చునే ఆ పిల్లను సరోజమ్మే గమనించింది. పుస్తకాల మధ్యే బతకడానికి లైబ్రరీ సైన్సు అని ఒక చదువుందనీ, అది తిరుపతిలో చెప్తారనీ మునీశ్వరికి తెలిసింది ఆమె వల్లే. తర్వాత అదే కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు సరోజమ్మ కౌంటర్ దగ్గరికొచ్చి, నవ్వుతూ తన కార్డు ముందుకు తోసి, ఇంక నేను నీ మాట వినాల్నే, అంది.

యాభై ఆరేళ్లకు ఆమెకు మతిమరుపు మొదలైంది. చెప్పిన పాఠమే మర్నాడు మళ్లీ చెప్పింది. పిల్లలు రివిజన్ అనుకున్నారు. మూడో రోజూ అదే పాఠం చెప్పేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక సాయంత్రం ఇంటికి పోదామని బస్టాండులో నిలబడి, పుంగనూరు బస్సులు వస్తూ పోతూ ఉన్నా ఏది ఎక్కాలో తెలియక అట్లాగే ఉండిపోయింది. ఆమె భర్త ఆదినారాయణకు పుంగనూరులో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే అంగడి ఉంది. ఆయన బెంగళూరు తీసుకెళ్లి చూపించాడు. ఇది తగ్గేది కాదు, పెరిగేదే అని డాక్టరు చెప్పాడు. ఆమె ముందుగానే రిటైర్మెంటు తీసుకుంది. వీడ్కోలు సభలో శాలువా కప్పుకుని చక్కగా మాట్లాడింది. ఎప్పుడో చనిపోయిన పాత ప్రిన్సిపాల్ పేరు చెప్పి ఆయనకు కృతజ్ఞతలు తెలిపింది. ఎదురుగా కూర్చున్న ప్రిన్సిపాల్ చంద్రశేఖర్ లేచి నమస్కారం పెట్టాడు. సభలో ఎవరూ సరిదిద్దలేదు.

జూన్‌లో కాలేజీ తెరిచిన వారానికి, గంజిపెట్టిన నేత చీర కట్టుకుని, భుజాన సంచితో సరోజమ్మ లైబ్రరీలోకి వచ్చింది. లెక్చరర్లు కూర్చునే వరసలో కిటికీ పక్కన తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. చీటీ మీద పుస్తకం పేరు రాసి తెచ్చింది. రాత మాత్రం ముత్యాల్లాగే ఉంది. కంప్యూటర్లో ఆమె పేరు కొడితే కార్డు రద్దు అని వచ్చింది. మునీశ్వరి ఆ తెర వైపు కాసేపు చూసి, లేచి వెళ్లి, పుస్తకం తెచ్చి చేతికిచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఆదినారాయణ చెమటలు కక్కుతూ వచ్చాడు. తాను అంగట్లో ఉండగా ఆమె ఇంట్లోంచి బయటికొచ్చి బస్సెక్కేసింది. పుంగనూరంతా వెతికి, చివరికి ఇక్కడుంటుందేమోనని వచ్చానన్నాడు. కిటికీ పక్కన తల వంచుకుని నోట్సు రాసుకుంటున్న భార్యను చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంట్లో ఒక్క గడియ కుదురుగా కూర్చోదమ్మా," అన్నాడు మెల్లగా. "వాకిట్లోకి ఇంట్లోకి తిరగతానే ఉంటాది. ఈడ సూడు, ఎట్లా కూర్చునుండాదో."

ఆ మాట విన్నాక మునీశ్వరి ఇంక ఆలోచించలేదు. రోజూ తీసుకురమ్మంది. చంద్రశేఖర్ దగ్గరికి వెళ్లి అనుమతి అడిగింది. ఆయన ఒకప్పుడు సరోజమ్మ కింద జూనియర్. కాగితం మీద రాసివ్వలేదు గానీ, నువ్వు చూసుకుంటానంటే సరే అన్నాడు.

అప్పట్నుంచి ఆదినారాయణ పొద్దున్నే ఆమెతో పాటు బస్సెక్కి, లైబ్రరీలో దిగబెట్టి, తిరిగి పుంగనూరు పోయి అంగడి తెరిచేవాడు. సాయంత్రం మళ్లీ బస్సెక్కి వచ్చేవాడు. విత్తనాలు కొనే రైతు తెల్లారే వస్తాడు, అప్పటికి అంగడి మూసి ఉంటే పక్క అంగడికి పోతాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఊరినుంచి వచ్చే విద్యార్థులు చెప్తే మునీశ్వరికి తెలిసింది.

సరోజమ్మ చీటీ రాసి పుస్తకం అడిగేది. మునీశ్వరి తారీకు ముద్ర వేసి ఇచ్చేది. కంప్యూటర్లో ఎక్కించేది కాదు. సాయంత్రం ఆమె వెళ్లే ముందు పుస్తకం కౌంటర్ మీద పెట్టి, రిటర్న్ చేసుకో అనేది. మధ్యలో ఎప్పుడో ఒకసారి తల ఎత్తి అడిగేది, మూడో పీరియడ్ ఏ క్లాసుకి అని. మీకు మూడో పీరియడ్ ఖాళీ మేడం, అని మునీశ్వరి చెప్పేది. సరోజమ్మ తల ఊపి, నోట్సు రాసుకోవడంలో పడిపోయేది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

శ్రావణమాసంలో ఒకరోజు జల్లు పడుతోంది. లైబ్రరీలో జనం పల్చగా ఉన్నారు. సరోజమ్మ లేచి కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె కళ్లు జబ్బుకు ముందున్నట్టు తేటగా ఉన్నాయి.

"నాకు క్లాసులు లేవు గదా మునీశ్వరీ."

మునీశ్వరి చేతిలోని తారీకు ముద్ర కింద పెట్టింది.

"తెలుసులే. అప్పుడప్పుడు తెలస్తా ఉంటాది." మళ్లీ అంది, "అయినా నేనడిగితే ఖాళీ అనే చెప్పు. ఆ మాట వింటే నిమ్మళంగా ఉంటాది."

సరే మేడం అంది మునీశ్వరి. సరోజమ్మ ఆమె చేతి మీద తట్టి, తిరిగి తన చోటికి వెళ్లి కూర్చుంది. అరగంటకే మూడో పీరియడ్ ఏ క్లాసుకని అడిగింది. ఖాళీ అని మునీశ్వరి చెప్పింది. ఆ రోజు సాయంత్రం ఆదినారాయణకు ఈ మాట చెబుదామనుకుని కూడా చెప్పలేకపోయింది.

వానలు తగ్గాక కొత్త బెడద వచ్చింది. కాలేజీ ఆవరణలో దొరికిన ఆకులన్నీ సరోజమ్మ కోసుకొచ్చేది. కానుగాకు, వేపాకు, గోడ మీద పాకే తీగెలు, ఏవి దొరికితే అవి. ఒకప్పుడు పిల్లల్ని హార్స్‌లీ హిల్స్‌కు తీసుకెళ్లి, కోసిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టడం నేర్పేది. ఇప్పుడు పేపర్లకు బదులు పుస్తకాలు. చేతికందిన పుస్తకం తెరిచి, తడి ఆకు జాగ్రత్తగా పరిచి, మూసి పెట్టేది. పేజీల మీద పచ్చటి మరకలు పడేవి. సాయంత్రం అందరూ పోయాక మునీశ్వరి ఆ వరసలోని పుస్తకాలన్నీ తిరగేసి ఆకులు ఏరేది. తడిసిన పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టేది. పుస్తకం మూల మడిస్తేనే కసురుకునే మనిషి, ఆమెను ఒక్క మాట అనలేదు. కామర్సు లెక్చరరొకాయన తను తీసుకున్న పుస్తకంలో కుళ్లిన ఆకు కనపడిందని ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. మునీశ్వరికి ఆయన మీద కోపం పెట్టుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

కొత్త సెమిస్టర్ మొదలయ్యే రోజు లెక్చరర్లందరూ పుస్తకాలు రెన్యూ చేయించుకోవడానికి ఒకేసారి వచ్చారు. కౌంటర్ చుట్టూ గుంపు. మునీశ్వరి తల ఎత్తే తీరిక లేకుండా ఉంది. ఎప్పుడో చూస్తే కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. సంచి మాత్రం బల్ల మీదే ఉంది.

పరుగున బయటికి వచ్చింది. బాత్రూంల వైపు చూసింది, గేటు దాకా పోయింది. పై అంతస్తులోంచి ఎవరో కేకేసి, మేడం మా క్లాసులో ఉండారన్నారు.

మునీశ్వరి తలుపు దగ్గరికి చేరేసరికి సరోజమ్మ బోర్డు ముందు నిలబడి ఉంది. ఆ క్లాసు నీలిమది, కొత్తగా చేరిన బాటనీ లెక్చరర్ అమ్మాయి. సరోజమ్మ లోపలికొచ్చి సుద్దముక్క కోసం చెయ్యి చాపితే, ఆ అమ్మాయి ఏమనాలో తెలియక ఇచ్చేసి పక్కకు జరిగి నిలబడింది. సరోజమ్మ బోర్డు మీద ఆకు అడ్డుకోత గీసింది. గీత ఎక్కడా వణకలేదు. ఎండలు ముదిరితే మొక్క ఏం చేస్తుందో చెబుతోంది. దానికి కాళ్లు లేవు, నీడకు పోలేదు, అందుకని ఆకు మీదుండే చిన్న చిన్న నోళ్లు తానే మూసుకుంటుంది, ఊపిరి బిగపట్టుకుని పొద్దు వాలేదాకా ఓర్చుకుంటుంది అంది. పిల్లలు కదలకుండా వింటున్నారు. వెనక బెంచీల వాళ్లు కూడా వింటున్నారు.

అంతలో ఆమె ఆగింది. బోర్డు వైపు తిరిగింది. తను గీసిన బొమ్మను, ఎవరో గీసిన బొమ్మను చూసినట్టు చూసింది. పెదవులు కదిలాయి. చేతిలో సుద్దముక్కను అటూ ఇటూ తిప్పింది. పక్కనున్న నీలిమ వైపు తిరిగి, ఇది ఎవరి క్లాసమ్మా అని అడిగింది. నీలిమ, మీదే మేడం అంది. అంటూనే ఏడ్చేసింది. మునీశ్వరి లోపలికి వెళ్లి సరోజమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వచ్చారు.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. కానీ ఎవరో ఫోన్లో తీశారు. ఆ రాత్రికల్లా అది ఊరంతా తిరిగింది. తీసినవాడు ఏ ఉద్దేశంతో తీశాడో తెలియదు గానీ, చేతులు మారేకొద్దీ దాని కింద నవ్వుల బొమ్మలు చేరాయి, వెకిలి రాతలు చేరాయి. కుప్పంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న సరోజమ్మ కూతురు ప్రీతికి, అదే బ్యాంకులో పనిచేసే అమ్మాయి, చూడు ఎంత తమాషాగా ఉందో అని చూపించింది. ఆమెకు తెలియదు, అది ప్రీతి వాళ్లమ్మని.

మర్నాడు ప్రీతి మునీశ్వరికి ఫోన్ చేసింది. అరుస్తుందేమోనని మునీశ్వరి భయపడింది. ప్రీతి అరవలేదు.

"అక్కా, నువ్వు అమ్మను ఎట్లా సూసుకున్యావో నాయన చెప్పినాడు. నీ మీద నాకేం లేదు. కానీ ఇంగ రానియ్యొద్దు. లోకమంతా మా అమ్మను సూసి నవ్వతాంటే నేను తట్టుకోలేను. ఇద్దర్నీ కుప్పం పిలుచుకొస్తాను."

అదే రోజు చంద్రశేఖర్ పిలిచాడు. ఆయన ముఖం కూడా వాడిపోయి ఉంది. పరీక్షల తర్వాత కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందనీ, ఐడీ కార్డు లేనివాళ్లెవరూ ఇకమీదట లైబ్రరీలోకి రాకూడదని ఉత్తర్వు ఇస్తున్నాననీ చెప్పాడు. రేపు ఆమె మెట్ల మీద పడితే, రోడ్డు మీదకు పోతే ఏం చేస్తావమ్మా అని అడిగాడు. మునీశ్వరి ఉత్తర్వు అచ్చుకొట్టి గాజు తలుపు మీద తన చేత్తోనే అంటించింది.

ఆదివారం ప్రయాణం. శనివారం దాకా ఇంట్లోనే ఉంచుతానని ఆదినారాయణ అన్నాడు. కానీ శనివారం పొద్దున ఆయన ఆమెను తీసుకొచ్చాడు. తెల్లవారుజామున లేచి చీర కట్టుకుని సంచి భుజాన వేసుకుని కూర్చుందట. నీళ్లు కూడా ముట్టలేదట. ఒక్కసారి తలుపు దాకా చూపించి తీసుకుపోదామని వచ్చానమ్మా, కోప్పడొద్దు అన్నాడు.

మునీశ్వరి బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. నిజం చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కార్డు రద్దయిందని చెప్పాలా, జబ్బు అని చెప్పాలా, నవ్వారని చెప్పాలా? ఆమె నోటికి అందిన మాట అంది.

"లైబ్రరీ మూసినాము మేడం. స్టాకు లెక్క చూస్తాండాము."

సరోజమ్మ శ్రద్ధగా విన్నది. లెక్క చూస్తుంటే లెక్చరర్లు తమ దగ్గరున్నవి ముందు తెచ్చివ్వాలి కదా, అంది. సంచి దించి అందులో వెతికింది. అందులో ఒక దువ్వెన, మంచినీళ్ల సీసా, మడిచిన తువ్వాలు ఉన్నాయి. మళ్లీ వెతికింది.

"నా దగ్గర ఏమీ లేవే. ఇచ్చేసినానా?"

"అన్నీ ఇచ్చేసినారు మేడం."

అప్పుడు ఆమె చూపు గాజు తలుపు మీద పడింది. లోపల బల్లల దగ్గర పిల్లలు చదువుకుంటున్నారు. ఒక లెక్చరర్ బీరువా ముందు నిలబడి పుస్తకం తిరగేస్తున్నాడు. సరోజమ్మ వాళ్లను చూసింది, మునీశ్వరిని చూసింది.

"లోపల జనం ఉండారే," అంది.

కోపంగా అనలేదు. క్లాసులో తెలియని ప్రశ్న అడిగే విద్యార్థిలా అంది. మునీశ్వరి తలుపుకు వీపు ఆనించి అట్లాగే నిలబడింది. ఆదినారాయణ భార్య చెయ్యి పట్టుకుని, రా పోదాము అన్నాడు. ఆమె పెనుగులాడలేదు. గేటు దాకా పోయేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ తర్వాత మునీశ్వరికి మనసు మనసులో లేదు. ఎన్నో ఏళ్లుగా ముట్టుకోని ఆ నియమాన్ని ముందు పెట్టుకుంది. రిటైరైన లెక్చరర్లకు వేరే కార్డు ఇవ్వాలనీ, జబ్బు మనుషులైతే ఇంటివాళ్లొకరు తోడు కూర్చోవచ్చనీ, కింది గదిలో వాళ్లకొక బల్ల వేయాలనీ రాసి లైబ్రరీ కమిటీకి ఇచ్చింది. మొదటిసారి కమిటీకి తీరిక లేదన్నారు. రెండోసారి వాయిదా పడింది. మూడోసారి ఆమె లేచి నిలబడి మాట్లాడింది. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. చంద్రశేఖర్ సంతకం పెట్టి, మనం ముందే చెయ్యాల్సిన పని అన్నాడు.

ఫోన్లో చెప్పకుండా ఆ నెల రెండో శనివారం సెలవు రోజున తనే కుప్పం బయల్దేరింది. ఆదినారాయణ తోడుంటే నెలకు ఒకటి రెండు రోజులైనా మేడం వచ్చి కూర్చోవచ్చు, రాత్రికి తన ఇంట్లోనే ఉంచుకోవచ్చు అని దారంతా లెక్కలు వేసుకుంది. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే అంగడికి కొత్త రంగు వేసి ఉంది. వేరే ఎవరో విత్తనాల సంచులు దించుకుంటున్నారు.

కుప్పంలో రైలు స్టేషను వెనక వీధిలో ప్రీతి అద్దె ఇల్లు. ఆదినారాయణ తలుపు తీశాడు. చిక్కిపోయాడు. ప్రీతి ఏదో పని ఉందని బ్యాంకుకు పోయిందట. నడవలో ఎండపొడ పడే చోట ప్లాస్టిక్ కుర్చీలో సరోజమ్మ కూర్చుని ఉంది. జుట్టు కురచగా కత్తిరించేశారు. మునీశ్వరి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, మేడం, నేను మునీశ్వరిని, అంది. సరోజమ్మ ఆమె ముఖం మీదుగా చూసి గోడ వైపు తిరిగింది.

మునీశ్వరి కొత్త నియమం సంగతి ఆదినారాయణకు చెప్పింది. కార్డు కూడా చేయించి తెచ్చానంది. ఆయన అంతా విన్నాడు. చేతులు తుడుచుకుని కార్డు తీసుకుని, ఫొటోలో ఉన్న భార్యను చూసి, తిరిగి మునీశ్వరి చేతికే ఇచ్చాడు.

"వచ్చిన కొత్తలో రోజూ తయారయ్యేదమ్మా. కాలేజీకి పొద్దయిందని నన్ను తొందరపెట్టేది. ఈడెక్కడుండాది కాలేజీ అని నేను విసుక్కునేవాణ్ణి." ఆయన భార్య వైపు చూశాడు. "పోయిన నెల్నుంచి అడగడం మానేసింది. ఇప్పుడు అడిగితే బాగుండునని నాకుంటాది."

అన్నం తినకుండా పోనివ్వలేదు. ఆయనే సంగటి కెలికాడు, పప్పు చేశాడు. భార్యకు ముద్దలు చేసి తినిపించాడు. రెండు ముద్దలు తిన్నాక ఆమె నోరు తెరవలేదు. మునీశ్వరి చిన్న ముద్ద చేసి అందించింది. సరోజమ్మ తిన్నది. ఇంకొకటి తిన్నది. బయట రైలు పోతుంటే ఉలిక్కిపడి మునీశ్వరి మణికట్టు పట్టుకుంది. రైలు పోయాక కూడా వదల్లేదు. అట్లాగే పట్టుకుని కుర్చీలో తల వాల్చి నిద్రపోయింది. మునీశ్వరి ఎంగిలి చెయ్యి ఎండిపోయినా కదలకుండా కింద కూర్చుంది. బస్సుకు పొద్దయిపోతుందని ఆదినారాయణ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు.

బస్టాండు దాకా రాలేనమ్మా, ఆమెను విడిచిపెట్టి రాను, అన్నాడు. మునీశ్వరి ఒక్కతే నడిచిపోయి బస్సెక్కింది.

బస్సు ఊరు దాటేదాకా ఆపుకుంది. ఆ తర్వాత ఆపుకోలేకపోయింది. పక్క సీట్లో పూలబుట్ట ఒళ్లో పెట్టుకున్న పెద్దామె చాలాసేపు చూసీ చూడనట్టు ఉండి, చివరికి భుజం మీద చెయ్యి వేసింది.

"యాలమ్మా ఏడస్తాండావు? ఎవరైనా పోయినారా?"

మునీశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"లేదమ్మా," అంది. "ఉండారు."

గాలి చల్లగా కొడుతోందని ఆ పెద్దామె, మునీశ్వరి మీదుగా చెయ్యి చాపి కిటికీ అద్దం మూసింది.